పొద చాటు రాయే చూడవలసిన రాయి

భూగర్భశాస్త్రం చదివే పిల్లలను ఫీల్డు క్యాంపులకు తీసుకెళ్లినప్పుడు మొదటిరోజే వాళ్ల చెవిన పడే సలహా ఒకటుంది. కనిపించిన రాయిని చూడండి, కనిపించనిచోట మ్యాపు మీద చుక్కల గీత గీసి ముందుకు నడవండి అని. రాతి మీద ముళ్లకంప అల్లుకున్నా, నాచు పట్టినా, పైనుంచి మట్టి జారి కప్పేసినా దాన్ని వదిలేసి ఇంకో రాయి వెతుక్కోవడమే తెలివైన పని అన్నది అందులోని సారం. కొడవలి పట్టి కంప కొట్టి, చీపురుతో మట్టి ఊడ్చి, నీళ్లు పోసి రుద్దుతూ కూర్చున్న విద్యార్థిని చూసి, అది కూలి మనిషితో చేయించే పని కదా, నీకెందుకు అని అడిగేవాళ్లే ఎక్కువ. ఈమధ్య ఈ ధోరణికి మరో రెండు బలాలు తోడయ్యాయి. ఉపగ్రహాలూ డ్రోన్లూ ఉండగా ఈ చాకిరీ దేనికని కొందరు, ప్రకృతి కప్పినదాన్ని మనం విప్పడమే అపచారమని మరికొందరు.

ఈ ధోరణి తప్పు. తప్పు మాత్రమే అయితే ఊరుకోవచ్చు. మ్యాపుల్లోకీ పాఠాల్లోకీ ఎక్కి నిలబడిపోయే తప్పు కాబట్టి ఖండించక తప్పదు. నేల పైకి తేలిన మూలశిలను, మా వాళ్లు ఔట్‌క్రాప్ అనేదాన్ని, శుభ్రం చేయడంతోనే పరిశీలన మొదలవుతుంది. దాన్ని మానేసినవాడు సమయం మిగుల్చుకున్నానని అనుకుంటాడు. నిజానికి ఆ రాతిలో ఏ భాగం అన్నిటికన్నా ఎక్కువ చెప్పగలదో సరిగ్గా ఆ భాగాన్నే వదిలి వెళ్తున్నాడు.

కనిపించినంత చాలు అనేవారి మాట కింద ఒక ఊహ దాగి ఉంది. పొదలు రాతి మీద ఎక్కడపడితే అక్కడ పెరుగుతాయి, కాబట్టి కప్పిన భాగం కూడా కప్పని భాగంలాగే ఉంటుంది అన్నది ఆ ఊహ. సగం రాయి కనిపిస్తే మిగతా సగం దాని నకలేనని నమ్మకం. మొక్క ఎక్కడ వేరూనుతుందో శ్రద్ధగా చూసినవాళ్లెవరూ ఈ మాట అనలేరు. గట్టి గ్రానైట్ బండ నడిమధ్యలో వేరు దిగదు. రెండు గట్టి పొరల మధ్య మెత్తటి బంకమట్టి ఉన్నచోట దిగుతుంది. రాయి పగిలి, నలిగి, నీరు ఇంకి కుళ్లినచోట దిగుతుంది. రెండు రకాల రాళ్లు ఒకదాన్నొకటి తాకే అంచున, తేమ నిలిచే చీలిక వెంబడి వరుసకట్టి మొలుస్తుంది. ఫాల్ట్ అంటే నలిగిన రాయి. షియర్ జోన్ అంటే సాగి, రేకులు రేకులుగా మారి, లోపలి ఖనిజాలు కూడా మార్పు చెందిన రాయి. పొరల మధ్య బంకమట్టి అంటే సముద్రం లోతు మారిన రోజులో, బూడిద కురిసిన రోజులో, జీవరాశి తుడిచిపెట్టుకుపోయిన రోజులో మిగిల్చిన గుర్తు. మనం ఫీల్డుకు వెళ్లేదే వీటికోసం. మొక్కకు కావలసిన చోటూ మనకు కావలసిన చోటూ ఒకటే కావడం వల్ల, పొద రాయిని కప్పినప్పుడల్లా ముందుగా కప్పేది మనకు కావలసినదాన్నే.

ఈ సంగతి తెలంగాణ, రాయలసీమ పల్లెల్లో బోరు పాయింటు చూసేవాళ్లకు బాగా తెలుసు. గట్టి రాతి నేలలో చెట్లు ఒకే వరుసలో పచ్చగా ఉంటే కింద పగులు ఉందని అనుమానిస్తారు. నీళ్ల కోసం వచ్చినవారు చెట్ల వరుసను గుర్తుగా తీసుకుంటుంటే, రాతి కోసం వచ్చిన మనం అదే చెట్ల వరుసను చూసి పక్కకు తప్పుకుంటున్నాం.

గోదావరి ఒడ్డుకే వెళ్దాం. రాజమహేంద్రవరం దగ్గర కాతేరులో, అవతలి గట్టున పంగిడి, దుద్దుకూరు, గౌరీపట్నం పరిసరాల్లో నల్లరాతి క్వారీలున్నాయి. ఆ నల్లరాయి దక్కన్ లావా. దాదాపు 6.6 కోట్ల ఏళ్ల కిందటి సంగతి. కింద ఒక లావా దొంతర, పైన మరో లావా దొంతర. ఈ రెండింటి మధ్య కొన్ని మీటర్ల మందాన సున్నపురాయీ బంకమట్టీ కలిసిన పొరలు. లావా ప్రవాహాలు ఆగిన విరామంలో సముద్రపు అంచున పేరుకున్న మడ్డి అది. గెర్టా కెల్లర్, ఆమె సహచరులు ఈ క్వారీల్లోని ఆ మధ్య పొరల నుంచి మిల్లీమీటరుకన్నా చిన్నవైన సముద్రజీవుల గుల్లలను వేరుచేసి, అవి డైనోసార్లు అంతరించిన వెంటనే వచ్చిన కాలానివని 2008లో ప్రచురించారు. కింది దొంతర లావా ఆ మహావినాశనానికి దగ్గరి కాలంలో ఆగిందని చెప్పడానికి వారికి ఆధారమైంది ఈ మధ్య పొరే. అంటే భూమి చరిత్రలోని అతి పెద్ద తగాదాల్లో ఒకదానికి సాక్ష్యం మన గోదావరి జిల్లాల క్వారీ గోడల్లో ఉంది. ఇప్పుడు ఆ గోడను ఊహించండి. పైనా కిందా నల్లటి గట్టిరాయి. మధ్యలో మెత్తటి, తేమ పట్టే పొర. క్వారీలో పని ఆగిపోయి నాలుగు వానలు పడితే ముందుగా గడ్డి మొలిచేది ఎక్కడ? సర్కారు తుమ్మ వేరు దించేది ఎక్కడ? పైనుంచి జారిన చెత్తాచెదారం వచ్చి నిలిచేది ఎక్కడ? కనిపించినంత చాలు అనుకుని ఆ గోడ ముందు నిలబడినవాడు, ఇక్కడ బసాల్ట్ ఉంది అని రాసుకుని వెళ్లిపోతాడు. ఆ మాట నిజమే. ఆ గోడ చెప్పవలసిన అసలు కథ మాత్రం అతని నోట్‌బుక్కులోకి రాదు.

ఇటలీలో గుబ్బియో ఊరి దగ్గర కనుమలో ఇదే కథ మరింత సూక్ష్మంగా ఉంది. మీటర్ల కొద్దీ సున్నపురాయి పొరల మధ్య ఒక్క సెంటీమీటరు మందం బంకమట్టి. వాల్టర్ అల్వారెజ్, అతని తండ్రి లూయీ, వారి సహచరులు ఆ మట్టిలో ఇరీడియం అసాధారణంగా ఎక్కువగా ఉందని 1980లో చూపించారు. గ్రహశకలం ఢీకొనడం వల్లే ఆ మహావినాశనం జరిగిందన్న సిద్ధాంతం అక్కడినుంచి నిలబడింది. ఒక్క సెంటీమీటరు! కప్పేయడానికి గుప్పెడు నాచు చాలు.

మనకు దగ్గరి ఉదాహరణలు ఇంకా ఉన్నాయి. రామగిరి, జొన్నగిరి ప్రాంతాల బంగారం షియర్ జోన్లతో ముడిపడి ఉంది. అక్కడ నలిగిన రాయి చుట్టూ ఉన్న రాతికన్నా త్వరగా శిథిలమవుతుంది, అక్కడే మట్టి చేరుతుంది. వజ్రకరూరు చుట్టుపక్కల కింబర్లైట్ పైపుల సంగతి చెప్పనే అక్కర్లేదు. వజ్రాలను లోతుల నుంచి మోసుకొచ్చిన ఆ రాయి గాలికీ నీటికీ ఇట్టే మెత్తబడిపోతుంది. పైన సున్నపు గడ్డలూ మట్టీ పేరుకుని చేనులో కలిసిపోతుంది. ఏటా తొలకరి పడగానే జొన్నగిరి, తుగ్గలి, వజ్రకరూరు పొలాల్లో జనం నేల చూసుకుంటూ వజ్రాల కోసం తిరుగుతారు. వాళ్లు వాన కోసం ఎందుకు ఆగుతారు? వాన మట్టిని కడిగి రాళ్లను పైకి తేలుస్తుంది కాబట్టి. కడిగిన నేలే కనిపిస్తుందన్న జ్ఞానం ఏ డిగ్రీ లేని ఆ మనుషులకు ఉంది.

చుక్కల గీత విషయానికి వద్దాం. భూగర్భ పటాల్లో గీతలకు ఒక నియమం ఉంది. కంటితో చూసిన సరిహద్దుకు నిండు గీత, సుమారుగా గుర్తించినదానికి తెగిన గీత, కప్పి ఉన్నదానికి చుక్కల గీత. ఈ నియమం ఎంతో నిజాయితీగలది, దాని మీద నాకే ఫిర్యాదూ లేదు. కప్పి ఉంది అని రాయడానికీ, కప్పి ఉన్నదాన్ని తీసి చూడలేదు అని రాయడానికీ మధ్య తేడాను మాత్రం ఆ చుక్కలు చెప్పవు. ఇరవై అడుగుల మట్టి కింద ఉన్న సరిహద్దుకూ, అరగంటలో తొలగించగల తీగల కింద ఉన్న సరిహద్దుకూ ఒకటే గుర్తు. 1:50,000 స్కేలు మ్యాపులో ఒక మిల్లీమీటరు అంటే నేల మీద 50 మీటర్లు. అంత మేరలో నాలుగు గజాల బండను శుభ్రం చేసి సరిహద్దును కంటితో చూస్తే, ఆ చుక్కల మధ్య ఒక్క నిండు ముక్క పడుతుంది. తర్వాత వచ్చే పదిమంది దాన్ని పట్టుకుని మిగతా గీతను సరిచూసుకోగలరు. ఆ ఒక్క ముక్క లేకపోతే పదిమందీ ఒకరి ఊహను మరొకరు నకలు చేస్తూ పోతారు.

ఇక్కడ కాకపోతే మరోచోట చూద్దాం అన్న మాట వినడానికి ఎంత సౌమ్యంగా ఉంటుందో అంత ప్రమాదకరం. కొన్ని రాళ్లకు మరోచోటు లేదు. తిరుమల కనుమ దారిలో, వాగుల్లో, కొండ చరియల్లో ఎపార్కియన్ అన్‌కన్‌ఫర్మిటీ కనబడుతుంది. కింద అతి పురాతన గ్రానైట్, పైన కడప పొరలకు చెందిన నగరి క్వార్ట్‌జైట్. రెండింటికీ మధ్య కోట్ల ఏళ్ల చరిత్ర గల్లంతు. భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ దాన్ని జాతీయ భూవైజ్ఞానిక స్మారకంగా ప్రకటించింది. ఆ రెండు రాళ్లు కలిసే గీతే స్మారకం. గ్రానైట్ మరెక్కడైనా దొరుకుతుంది, క్వార్ట్‌జైట్ కూడా దొరుకుతుంది. వాటి కలయికను దారి పక్కన నిలబడి వేలితో తాకి చూపించగల చోట్లు ఎన్ని ఉన్నాయి?

స్కాట్లండులో జేమ్స్ హట్టన్ 1787లో జెడ్‌బరా దగ్గర నది ఒడ్డున నిలువు పొరల మీద అడ్డపొరలు కూర్చున్న దృశ్యాన్ని చూశాడు. మరుసటి ఏడాది జాన్ ప్లేఫేర్, జేమ్స్ హాల్‌లతో కలిసి పడవలో వెళ్లి సిక్కార్ పాయింట్ దగ్గర అలాంటిదే చూశాడు. భూమి వయసు మానవ ఊహకు అందనంత పెద్దదన్న ఆలోచనకు ఈ రెండు చోట్లూ మూలస్తంభాలు. సిక్కార్ పాయింట్‌ను సముద్రం రోజూ కడుగుతుంది, అందుకే ప్రపంచమంతా అక్కడికి వెళ్లి ఫోటోలు తీసుకుంటుంది. జెడ్‌బరా దగ్గర కడిగే కెరటం లేదు. అది చెట్లూ తీగలూ అల్లుకునే నది గట్టు. మనుషులు పూనుకుని కొట్టివేస్తే తప్ప అది కనబడదు. ఆ దృశ్యాన్ని అప్పట్లో జాన్ క్లర్క్ అనే ఆయన గీసిన బొమ్మ మిగిలింది కాబట్టి రాయి మరుగునపడినా పరవాలేదని ఎవరైనా అంటారా? ఇంగ్లండులో ష్రాప్‌షైర్ వైపు చిన్న వాగు గట్టు మీదా, అడవిలోని పాత క్వారీలోనూ సైలూరియన్ కాలంలోని వెన్‌లాక్, లడ్‌లో విభాగాల ఆరంభాలకు ప్రపంచ ప్రామాణిక ఔట్‌క్రాప్‌లున్నాయి. 1980లో వాటిని అంతర్జాతీయంగా ఆమోదించారు. ఇలాంటి ప్రామాణిక స్థలానికి అందుబాటు, స్పష్టంగా కనబడటం ముఖ్య నిబంధనలు. పొదలు ఆ నిబంధనను ఏటా రద్దు చేస్తుంటాయి, కొడవలి పట్టినవాళ్లు ఏటా పునరుద్ధరిస్తుంటారు. మధ్యలో ఏ సమావేశమూ లేదు, తీర్మానమూ లేదు.

కూలిపని అన్న మాట నన్ను అన్నిటికన్నా ఎక్కువ బాధపెడుతుంది. మన దేశంలో చేతులు మట్టి చేసుకునే పనిని తక్కువగా చూసే పాత జబ్బు శాస్త్రంలోకి కూడా వచ్చింది. నలుగురు మనుషులను పెట్టి కంప కొట్టించి, మధ్యాహ్నం వచ్చి శుభ్రమైన బండ మీద క్లైనోమీటరు పెట్టి కొలతలు తీసుకునే పద్ధతిలో గౌరవం ఉందేమో కానీ జ్ఞానం సగమే ఉంటుంది. కంప కొట్టిన మనిషి చూసినదంతా ఎక్కడికి పోయింది? వేరు ఏ దిక్కున లోపలికి పోయిందో అతనికి తెలుసు, అది చీలిక దిక్కు. మట్టి ఏ గీత దగ్గర ఎర్రదనం తగ్గి బూడిదరంగుకు మారిందో అతనికి తెలుసు, అది కింద రాయి మారిన గీత. పారకు ఏ చోట గరగరమని గార్నెట్ గింజలు తగిలాయో తెలుసు. తూర్పు కనుమల్లో ఖొండలైట్ రాయి శిథిలమైనచోట ఆ గింజలు మట్టిలో మిగిలిపోయి, పక్కన ఏ రాయి ఉండేదో చెబుతాయి. ఇదంతా తట్టలో పోసి పారేశాక, మిగిలిన నున్నటి ముఖాన్ని మాత్రమే శాస్త్రం అంటే ఎలా?

తొలగించేది కూడా సమాచారమే. వరాహమిహిరుడు బృహత్సంహితలో పుట్టలనూ చెట్లనూ బట్టి భూగర్భ జలం జాడ చెప్పే అధ్యాయం రాశాడు. తిరుపతి శ్రీ వెంకటేశ్వర విశ్వవిద్యాలయంలో భూగర్భశాస్త్రం బోధించిన ఇ.ఎ.వి. ప్రసాద్ ఆ అధ్యాయాన్ని ఆధునిక శాస్త్రపు కళ్లతో చదివారు. మొక్కకూ పుట్టకూ కింద ఉన్న రాతికీ సంబంధం ఉందన్న ఆలోచన మన విశ్వవిద్యాలయాల్లోనే పరిశోధనగా సాగింది. ఆ వారసత్వం ఉన్నవాళ్లం, పొదను కొట్టేముందు అది ఏ పొద, ఎక్కడ మొదలై ఎక్కడ ఆగింది అన్నది నోట్‌బుక్కులో ఒక్క పంక్తి కూడా రాయకపోవడం ఏమి న్యాయం?

అందుకే శుభ్రం చేయడానికి ఒక క్రమం ఉండాలని నా పట్టు. ముందు ఉన్నది ఉన్నట్టుగా ఫోటో తీసి, చేత్తో బొమ్మ గీయాలి. పైనుంచి కిందికి పని చేయాలి. కింద ముందు ఊడిస్తే పై మట్టి మళ్లీ జారుతుంది. మొక్కను పీకకూడదు, మొదట్లో కోయాలి. పీకితే వేరుతో పాటు పగులులోని రాతిపలక ఊడివస్తుంది, మనం చూడవలసిన అంచే పోతుంది. మట్టిని చేత్తో, కర్రపుల్లతో, పీచు బ్రష్షుతో తీయాలి. చివర నీళ్లు. తడిసిన రాయి పొరల రంగులను, గింజల తేడాను విప్పి చూపిస్తుంది. ఆరుతున్నప్పుడు కొన్ని పొరలు ముందు ఆరి, కొన్ని వెనక ఆరి, ఏది ఎక్కువ నీరు పీల్చిందో చెబుతుంది. ఆ ఆరే సమయంలో అక్కడే కూర్చోవాలి. ఉక్కు తీగల బ్రష్షు వద్దు. సుత్తి అప్పుడే వద్దు, అది నమూనా తీసే చివరి దశలోనే, అది కూడా ముఖ్యమైన ముఖానికి దూరంగా.

సుత్తి మాట వచ్చింది కాబట్టి ఇంకొక దురభిప్రాయాన్ని కూడా తోసిపుచ్చాలి. తాజా రాయి కావాలంటే పగలగొడితే సరిపోతుంది, శుభ్రం చేయడం దేనికని కొందరు అంటారు. ఖనిజాలు గుర్తించడానికి తాజా పగులు కావాలి, ఒప్పుకుంటాను. రాతి నిర్మాణం మాత్రం చాలాసార్లు ఎండకు ఎండి వానకు నానిన పాత ముఖం మీదే తేటగా ఉంటుంది. కడప జిల్లా వేంపల్లె డోలమైట్‌లో సూక్ష్మజీవుల చాపలు కట్టిన స్ట్రొమాటొలైట్లు ఉన్నాయి. పగలగొట్టిన ముక్కలో అవి బూడిదరంగు రాతిలో కలిసిపోయినట్టుంటాయి. వేల ఏళ్ల వాన డోలమైట్‌ను కొద్దికొద్దిగా కరిగించి, కరగని చెర్ట్ గీతలను ఉబ్బెత్తుగా నిలబెట్టిన ముఖం మీద వాటి ఒంపులన్నీ లెక్కపెట్టవచ్చు. ఆ ముఖాన్ని మట్టి నుంచి బయటపెట్టాలి, పగలగొట్టకూడదు. ఇంగ్లండులో చార్న్‌వుడ్ అడవి క్వారీలో 1957లో ఒక బడి పిల్లవాడు కనిపెట్టిన చార్నియా శిలాజం అతి ప్రాచీన జీవుల చరిత్రనే మార్చింది. అంతకుముందు ఏడాది అదే ముద్రను చూసిన ఒక అమ్మాయికి, అంత పాత రాళ్లలో శిలాజాలుండవని టీచరు చెప్పారు. దశాబ్దాల తర్వాత అక్కడి బండలకు సిలికాన్ రబ్బరుతో అచ్చులు తీసి పరిశీలిస్తే అంతకుముందు ఎవరి కంటా పడని ముద్రలెన్నో తేలాయి. ఎంతమందో నడిచి చూసిన బండలే అవి.

ఉపగ్రహాల వాదనకు ఎక్కువ సమయం ఇవ్వను. పైనుంచి తీసే చిత్రాలు ఏ ప్రాంతానికి వెళ్లాలో చెప్పడంలో అమూల్యం, వాటిని రోజూ వాడుకోవాలి. వాటికి కనిపించేది పై పొర మాత్రమే. హైపర్‌స్పెక్ట్రల్ పరికరం రాతి రంగును ఎంత సూక్ష్మంగా విడదీసినా, రాతి మీద లైకెన్ పరుచుకుంటే అది చదివేది లైకెన్ సంతకాన్ని. లేజర్ కిరణాలతో ఆకుల సందుల్లోంచి నేల ఆకారాన్ని గీయవచ్చు, గట్టునూ పగులునూ గుర్తించవచ్చు. అది ఏ రాయో, పొర ఏ కోణంలో వాలిందో, గింజ ఎంత పరిమాణమో చెప్పలేదు. డ్రోను తయారుచేసే త్రిమితీయ నమూనాలో పొద ఉంటే పొదే వస్తుంది, ఎంతో స్పష్టంగా వస్తుంది. పరికరం ఎంత మంచిదైతే దాని ముందు పెట్టే రాయి అంత శుభ్రంగా ఉండాలి.

పర్యావరణం వైపు నుంచి వచ్చే అభ్యంతరం వేరు. దాన్ని నేను మనసారా గౌరవిస్తాను. రాతిని కప్పినదంతా చెత్త కాదు. లైకెన్లు ప్రాణమున్నవి; మన వంటింటి మసాలాలో రాతిపువ్వు ఆ జాతిదే. రాతి మీద పెరిగే కొన్ని రకాలు ఏడాదికి ఒక మిల్లీమీటరు కూడా పెరగవు. వాటి వ్యాసాన్ని కొలిచి రాయి ఎప్పుడు బయటపడిందో అంచనా వేసే పద్ధతిని రోలండ్ బెషెల్ 1950లో ప్రతిపాదించాడు. అంటే లైకెన్ కూడా ఒక గడియారం, దాన్ని గీకేస్తే ఆ లెక్క పోతుంది. శేషాచలం కొండల్లో బండల పగుళ్లలో బంగారు బల్లి నివసిస్తుంది. ఆ పగులును శుభ్రం చేస్తున్నామంటూ దాని గూడును కూల్చే హక్కు ఎవరికీ లేదు. అక్కడ అటవీశాఖ అనుమతి లేకుండా ఒక్క కొమ్మ కూడా కోయరాదు. భీమిలి దగ్గర ఎర్రమట్టి దిబ్బలు కూడా భూవైజ్ఞానిక స్మారకమే, కానీ అది గట్టిపడని ఇసుక. అక్కడ మొక్క వేళ్లే దిబ్బను పట్టుకుని ఉన్నాయి. ఆ దిబ్బల మీద కొడవలి పెట్టినవాడిని నేనే అడ్డుకుంటాను.

ఇవన్నీ ఒప్పుకున్నాక కూడా, ముట్టుకోవద్దు అన్న సూత్రం నిలబడదు. దాని వెనక ఉన్న ఊహ, కప్పిన పచ్చదనం అంతా ఆదినుంచీ అక్కడే ఉందని. పాత క్వారీల్లో, రోడ్డు కోతల్లో, చెరువు అలుగుల దగ్గర రాతిని కమ్మేస్తున్నది ఎక్కువగా సర్కారు తుమ్మ, లాంటానా, వయ్యారిభామ. మూడూ అమెరికా ఖండాల నుంచి వచ్చినవి. వాటిని తొలగిస్తే కింద ఉన్న దేశవాళీ గడ్డికి కూడా ఊపిరి ఆడుతుంది. రెండో సంగతి, మేము అడుగుతున్నది ఎంత చోటు? ఒక కొండ మీద గజం వెడల్పున ఒక కిటికీ, పొరలకు అడ్డంగా ఒక సన్నని పట్టీ. మిగతాదంతా అలాగే ఉంచాలి. లైకెన్ ఉన్నచోట ఒక వంతు మాత్రమే తీసి, మిగతాది వదలాలి. గడ్డి చాపను కోసి చుట్టగా చుట్టి పక్కన పెట్టి, పని అయ్యాక తిరిగి పరచాలి.

చెట్టూచేమా లేని నగ్న శిల భూగర్భ శాస్త్రజ్ఞుడి స్వర్గం అనుకునేవారికి కెనడాలోని సడ్‌బరీని చూపించాలి. నికెల్ కరిగించే కొలిమిల గంధకపు పొగకు అక్కడి అడవి చచ్చిపోయింది, మట్టి కొట్టుకుపోయింది, బండలు నల్లబడ్డాయి. ఆ ప్రాంతం 185 కోట్ల ఏళ్ల కిందట గ్రహశకలం ఢీకొన్న చోటని రాబర్ట్ డీట్జ్ 1964లో బండల మీది శంఖాకారపు చీలికలను చూపి వాదించాడు. అంత మంచి ఔట్‌క్రాప్‌లు అక్కడ కనబడటానికి కారణం ఒక విధ్వంసం. 1978 నుంచి ఆ ఊరు సున్నం చల్లి, మొక్కలు నాటి నేలను మళ్లీ పచ్చగా చేసుకుంటోంది. అది జరగవలసిందే. పచ్చదనం మధ్యలో చదవడానికి కొన్ని రాతిముఖాలను తెరిచి ఉంచడం అందుకు అడ్డు కాదు.

ఇంకొక దుర్మార్గపు అలవాటును ఇక్కడే ఖండించాలి. ఎండాకాలం ముందు గుట్టలకు నిప్పు పెడితే పొదలు వాటంతటవే పోతాయి, తర్వాత తీరిగ్గా రాళ్లు చూసుకోవచ్చు అనేవాళ్లున్నారు. నిప్పు వేడికి గ్రానైట్ పై పొర పెచ్చులు పెచ్చులుగా లేచిపోతుంది. చూడవలసిన ముఖాన్నే కాల్చి పోగొట్టుకుంటారు, జీవాలను చంపుతారు, అడవిని కాలుస్తారు. దీన్ని శుభ్రం చేయడం అని పిలవడానికి వీల్లేదు. ఆకు అదంతట అదే రాలే కాలం మనకుంది. మన ఫీల్డు పనులు చాలావరకు వానలు వెనకబట్టిన వెంటనే, గడ్డి నడుము లోతు ఉన్నప్పుడు మొదలవుతాయి. చూడవలసిన ముఖ్యమైన ఔట్‌క్రాప్‌లను గుర్తుపెట్టుకుని మాఘ ఫాల్గుణాల్లో మళ్లీ వెళ్తే కోయవలసింది సగానికి సగం తగ్గుతుంది, పాముల భయమూ తగ్గుతుంది.

చివరి అభ్యంతరం డబ్బు, సమయం. రోజుకు ఇన్ని చదరపు కిలోమీటర్లు అన్న లక్ష్యం నెత్తిన ఉన్నప్పుడు ఒక బండ దగ్గర పూట గడపడం సాధ్యమా అంటారు. లాభనష్టాల లెక్క మనకన్నా కఠినంగా వేసేవాళ్లు గని అన్వేషణ కంపెనీలవాళ్లు. కెనడాలో వాళ్లు నాచూ మట్టీ కప్పిన బండ దగ్గరికి యంత్రం తెచ్చి పైమట్టి తీయిస్తారు, పంపులతో ఒత్తిడి నీళ్లు కొట్టించి కడుగుతారు, ఆ తర్వాతే రాతిని రంపంతో గాడిలా కోసి నమూనాలు తీస్తారు. ఖనిజపు సిర ఏ దిక్కున పోతుందో తెలియకుండా డ్రిల్లింగుకు దిగితే నష్టం ఎంతో వాళ్లకు తెలుసు. అక్కడ అది బడ్జెట్టులో రాసుకునే పద్దు. మన విశ్వవిద్యాలయాల ఫీల్డు బడ్జెట్లలో బస్సుకూ బసకూ పద్దు ఉంటుంది. కొడవలికీ బ్రష్షుకూ చేతి తొడుగులకూ నీళ్ల డ్రమ్ముకూ ఉండదు. మొత్తం కలిపినా ఒక మంచి సుత్తి ఖరీదు దాటదు.

కనుక ఫీల్డు రిపోర్టుల్లో ఒక మార్పు కోరుతున్నాను. ప్రతి ముఖ్యమైన ఔట్‌క్రాప్ దగ్గరా ఎంత భాగం బయట ఉంది, దేనితో కప్పి ఉంది, ఎంత మేర తొలగించారు, తొలగించకపోతే ఎందుకు, పని ముగిశాక దాన్ని ఎలా వదిలివచ్చారు అన్నది రాయాలి. అటవీ అనుమతి దొరకలేదు, బల్లి గూళ్లు ఉన్నాయి, మట్టి ఆరడుగుల లోతుంది అంటే అది గౌరవించదగిన కారణం. కంప అడ్డం వచ్చింది అంటే కారణం కాదు. ఆ వివరం లేకుండా గీసిన చుక్కల గీతతో రిపోర్టు వస్తే, దిద్దే అధ్యాపకుడు దానికి మార్కులు వేయకుండా విద్యార్థిని కొడవలితో సహా ఆ బండ దగ్గరికి తిరిగి పంపాలి, తనూ వెంట వెళ్లాలి.